తోట ట్రాక్టర్ల జీర్ణోద్ధారము

విజయదశమినాడు పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి పూజించడము మన ఇండ్లలో తరతరాల ఆచారము. వడ్రంగి తన బాడిసను, కమ్మరి తన సమ్మెటను, రైతు తన నాగలిని, లారీ డ్రైవరు తన బండిని శుభ్రముగా కడిగి, పూలదండ వేసి నమస్కరిస్తాడు. అన్నము పెట్టిన వస్తువుకు కృతజ్ఞత చూపడము మనకు కొత్త కాదు. అయితే, పనికిరాకుండా పోయి, తుప్పు పట్టి, పాత ఇనుము కొట్టుకు చేరవలసిన పనిముట్టును వెదకి తెచ్చుకొని, నెలల తరబడి శ్రమించి, దానికి మరల ఊపిరి పోయడము మరొక రకమైన భక్తి. శిథిలమైన ఆలయమును బాగుచేయడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధారమన్నారు. అమెరికాలోను, ఇంగ్లండులోను వేలాది సామాన్య గృహస్థులు తోట ట్రాక్టరు అనే చిన్న యంత్రమునకు అట్టి జీర్ణోద్ధారమే చేస్తున్నారు. ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరాలను, దానిని ఉద్ధరించేవారి తీరుతెన్నులను కొంతసేపు ముచ్చటించుకొందాము.

తోట ట్రాక్టరనగా మన పొలాలలో తిరిగే పెద్ద ట్రాక్టరు కాదు. ఆ పెద్దదాని పక్కన నిలిపితే ఆవు పక్కన దూడ వలె ఉంటుంది. దాని ఇంజనులో సాధారణముగా ఒకటే సిలిండరు. దాని బలము తొలిరోజులలో రెండు మూడు హార్సుపవరు, తరువాత ఏడు, పది, పదహారు. ఒక ఎకరము మొదలు నాలుగైదు ఎకరముల వరకు గల ఇంటితోటకు అది సరిపోతుంది. ముందు పలక తగిలిస్తే మంచును తోస్తుంది, అడుగున కత్తులు అమర్చితే గడ్డి కోస్తుంది, వెనుక చిన్న నాగలి కట్టితే దున్నుతుంది, బండి తగిలిస్తే ఎరువు మోస్తుంది. ఒక్క జీతగాడు పదిమంది పని చేసినట్లు లెక్క.

ఇట్టి యంత్రములను తొలిదశలో రూపొందించినవారిలో ఒకడు ఇంజనీరు కాడు, రైతూ కాడు, ఫోటోగ్రాఫరు. ఆయన పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రేవ్లీ. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రములో ఆయన ఫోటో స్టూడియో నడిపేవాడు. పెరటిలో కూరగాయలు పండించుకోవాలని సరదా. చేతితో తోసే నాగలి తోయలేక విసుగు. ఆ విసుగులోనుండి ఆలోచన పుట్టినది. ఇండియన్ అనే పేరుగల మోటారు సైకిలు భాగాలను తెచ్చి తోపుడు నాగలికి అమర్చినాడు. ఆ పేరునకు, మన దేశమునకు సంబంధమేమీ లేదు. అది ఒక అమెరికను మోటారు సైకిలు. 1916లో గ్రేవ్లీ తన మోటారు నాగలికి పేటెంటు పొందినాడు. 1922లో డన్బార్ అనే పట్టణములో కంపెనీ వెలసినది. మొదట వచ్చిన నమూనాకు ఒకటే చక్రము. యజమాని వెనుక నడుస్తూ, రెండు మేళ్ళు పట్టుకొని, దానిని ఒరిగిపోకుండా నిలుపుకోవాలి. తరువాత వచ్చిన రెండు చక్రముల నమూనా దశాబ్దాలపాటు అమ్ముడుపోయినది. గోదావరి, కృష్ణా మండలాల వరి మడులలో పవర్ టిల్లరు వెంట నడిచిన రైతునకు గ్రేవ్లీ యంత్రమును చూపితే, ‘ఇది మనకు తెలిసిన బండి తాతగారే’ అని తప్పక అంటాడు.

అదే కాలమున భూగోళమునకు మరొక మూల, ఆస్ట్రేలియాలో, ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే యువకుడు మరొక త్రోవ త్రొక్కినాడు. నాగలి మట్టిని తిరగవేస్తుంది కాని, గట్టిగా అణచి వేస్తుంది. అట్లా కాక, తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేయరాదా అని 1912లో తండ్రి పొలమున ప్రయోగములు ప్రారంభించినాడు. 1938లో ఇంగ్లండు చేరి అక్కడ కర్మాగారము స్థాపించినాడు. ఆయన యంత్రమునకు వచ్చిన పేరే రోటవేటరు. నేడు మన పల్లెలలో చదువురాని రైతు నోట కూడా ఆ మాట ఆడుతున్నది. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి చూస్తే ఆ పేరు ముందునుండి చదివినా, వెనుకనుండి చదివినా ఒక్కటే. మన తెనాలి రామకృష్ణునికి దక్కిన ‘వికటకవి’ బిరుదు వంటిదే.

గ్రేవ్లీ, హోవర్డు వేసిన విత్తనము రెండవ ప్రపంచయుద్ధము తరువాత మొక్కై, మానై పెరిగినది. యుద్ధకాలమున అమెరికాలో ఇంటింటా కూరగాయల మడులు వెలసినవి. విజయ వనములని వాటికి పేరు. అట్టివి 2 కోట్ల వరకు ఉండేవని అంచనా. యుద్ధము ముగిసి సైనికులు ఇంటిముఖము పట్టినారు. ప్రభుత్వ సహాయముతో ఇండ్లు కట్టుకొన్నారు. నగరములు పొలిమేరలు దాటి పల్లెలలోనికి పాకినవి. పట్టణము అంచున వరుసగా లేచిన చిన్న ఇండ్లవారికి చేతితో తోసే గడ్డి యంత్రము చాలును. వారికంటె ఇంకొంత దూరము పోయి, ఒకటి రెండు ఎకరములు కొనుక్కొన్నవారికి అది చాలదు. పెద్ద ట్రాక్టరు కొనే స్తోమత లేదు. కొన్నా అది తిరిగే చోటు లేదు. పగలు కర్మాగారములోనో, ఆఫీసులోనో ఉద్యోగము. సాయంకాలము, శని ఆదివారములు సేద్యము. అట్టి గృహస్థుల కొరకే నాలుగు చక్రముల తోట ట్రాక్టరు పుట్టినది.

ఇండియానా రాష్ట్రములోని సౌత్ బెండ్ నగరమున ఎల్మర్ పాండ్, ఆయన కుమారుడు సీసిల్ పాండ్ 1946లో ఈ పనికి పూనుకొన్నారు. వారి తొలి కర్మాగారము ఇంటి కారు షెడ్డే. ఎల్మర్ సోదరుడు హెరాల్డ్ పాండ్ అంతకు ముందే ఒహాయో రాష్ట్రములో స్పీడెక్సు అనే పేరుతో తోట ట్రాక్టర్లు చేస్తూ ఉండినాడు. ఇంటిపేరు ఒక్కటి, సరకు ఒక్కటి. కొనేవారికి ఏది ఎవరిదో తెలియని చిక్కు వచ్చినది. అందుచేత తండ్రీకొడుకులు తమ ఇంటిపేరు విడిచి, వీల్ హార్సు, అనగా చక్రాల గుర్రము, అని తమ యంత్రమునకు కొత్త పేరు పెట్టుకొన్నారు. అన్నదమ్ముల ఇంటిపేరు తెచ్చిన చిక్కు వలన పుట్టిన ఆ పేరు తరువాత దేశమంతటా మారుమ్రోగినది. ఎర్రని రంగు వేసిన ఆ చక్రాల గుర్రములే నేటి సేకరణదారులకు ప్రాణప్రదములు.

చిన్నవారి విజయమును పెద్దవారు గమనించకపోరు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే మహాసంస్థ కెంటకీ రాష్ట్రములోని లూయీవిల్ నగరమున ఒక కర్మాగారమును కొన్నది. యుద్ధకాలమున విమానములు తయారైన చోటు అది. అక్కడ 1947 నుండి ఫార్మాల్ కబ్ అనే చిన్న వ్యవసాయ ట్రాక్టరు తయారవుతూ ఉండినది. దాని గేరు పెట్టె నమూనాను ఆధారము చేసుకొని, ఏడు హార్సుపవరు కోలర్ ఇంజను కూర్చి, 1960లో కబ్ కేడెట్ అనే తోట ట్రాక్టరును విడుదల చేసినారు. పసుపు, తెలుపు రంగుల ఆ మొదటి నమూనా మూడేండ్లలో సుమారు 65 వేలు తయారైనది. 1963లో జాన్ డీర్ సంస్థ విస్కాన్సిన్ రాష్ట్రములోని హోరికన్ పట్టణమునుండి తన 110 నమూనాను తెచ్చినది. ఆకుపచ్చ దేహము, పసుపు చక్రములు. 1969లో అదే సంస్థ తెల్లని దేహముపై ఎరుపు, నారింజ, నీలము, పసుపు రంగులలో కప్పును, ఆసనమును ఎంచుకొనే వీలు కల్పించినది. చీరకు రవిక జత కుదుర్చుకొన్నట్లు, ఇంటి రంగునకు ట్రాక్టరు రంగు కుదుర్చుకోవచ్చునని తలపు. పాపము, అది ఎక్కువకాలము సాగలేదు. ఆనాడు అంగడిలో నిలిచిపోయిన ఆ రంగుల బండ్లకే నేడు సేకరణదారులు పోటీ పడుతున్నారు. కాలమహిమ!

ఆ యంత్రముల నిర్మాణము గూర్చి ఒక మాట చెప్పాలి. వాటి ఇంజను దిమ్మ పోత ఇనుము. ఇరుసు పెట్టె పోత ఇనుము. చట్రము మందపాటి ఉక్కు. ఏదైనా అరిగితే విప్పి, తోమి, కొత్త ముక్క వేసి మరల బిగించుకొనే విధముగా తయారుచేసినారు. సిలిండరు అరిగితే దానిని అంగుళములో నూరవ వంతు, యాభైయవ వంతు పెద్దదిగా తొలిపించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టను వేసుకోవచ్చును. అనగా ఒక ఇంజను రెండు మూడు జన్మలెత్తగలదు. కాని ఇనుము బరువు, ధర బరువు. పలుచని రేకుతో చేసిన చౌక బండ్లు పెద్ద అంగళ్ళలోనికి దిగిన పిమ్మట బరువైన పాత బండ్ల ప్రాభవము తగ్గినది. 1974లో వీల్ హార్సు సంస్థ అమెరికన్ మోటర్స్ చేతికి, 1986లో టోరో చేతికి పోయినది. 2007 తరువాత ఆ పేరే కొత్త బండిపై కనిపించలేదు. 1981లో కబ్ కేడెట్ కూడా చేతులు మారినది. పాత బండ్లు షెడ్ల వెనుక, చెట్ల క్రింద, చుట్టూ గడ్డి మొలిచి నిలిచిపోయినవి.

అక్కడనుండి మన కథలో రెండవ భాగము మొదలవుతుంది. పాత ఆవిరి యంత్రములను కాపాడే అలవాటు అమెరికాలో అంతకు ముందే ఉన్నది. అయోవా రాష్ట్రములోని మౌంట్ ప్లెజంట్ పట్టణమున పాత నూర్పిడి యంత్రముల తిరునాళ్ళు 1950 నుండి జరుగుతున్నది. అయితే ఆవిరి యంత్రము కొనడమన్నా, దాచడమన్నా శ్రీమంతులకే సాధ్యము. పెద్ద ట్రాక్టరుకు కొట్టము కావాలి. తోట ట్రాక్టరుకు కారు షెడ్డులో ఒక మూల చాలును. ఇద్దరు మనుషులు కలిసి లాగి చిన్న బండిలోకి ఎక్కించవచ్చును. కార్మికుడు, బడిపంతులు, పింఛను పుచ్చుకొన్న ముసలాయన, పన్నెండేండ్ల పిల్లవాడు ఎవరైనను దీనికి పూనుకోవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, ఆ బండి చాలామందికి తండ్రి బండి, లేదా తాత బండి. చిన్ననాట ఆయన ఒడిలో కూర్చుండి చుక్కాని పట్టుకొన్న బండి. తుప్పు క్రింద వారు వెదకేది ఇనుమును మాత్రమే కాదు.

ఉద్ధరణ క్రమము ఎట్లుంటుంది? తెచ్చిన బండి ఇంజను సాధారణముగా బిగుసుకొని ఉంటుంది. బలము చూపితే పిస్టను పగులుతుంది. కనుక ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో తుప్పు వదలించే పలుచని నూనె పోసి, రోజుల తరబడి ఊరనిస్తారు. రోజుకొకసారి ఇంజను చక్రమును మెల్లగా అటూ ఇటూ కదపి చూస్తారు. ఒకనాడు అది వెంట్రుకవాసి కదులుతుంది. ఆ క్షణమున కలిగే సంతోషము అనుభవించినవారికే తెలుసునని ఆ అభిమానులందరూ ఏకకంఠముతో చెప్పే మాట. తరువాత నిప్పురవ్వ సంగతి. మాగ్నెటో, కండెన్సరు, పాయింట్లు. కోలర్ ఇంజనులో పాయింట్ల మధ్య ఎడము అంగుళములో యాభైయవ వంతు ఉండాలి. అది తప్పితే ఎంత రంగు వేసినా బండి బొమ్మయే. తరువాత కార్బురేటరు. పాత పెట్రోలు లోపల జిగురై గట్టిపడుతుంది. ఆ సన్నని దారులన్నీ శుభ్రపరచాలి. నేటి పెట్రోలులో కలిపే ఇథనాలు ఆనాటి రబ్బరు వాషర్లను, గొట్టములను చెరుపుతుంది గనుక వాటిని మార్చవలసినదే.

తుప్పు వదలించడానికి ఇనుప బ్రష్షు, మన వడ్రంగులు ఉప్పుకాగితమనే గరుకు కాగితము ఉండనే ఉన్నవి. కాని మారుమూలలకు అవి అందవు. దానికొక చక్కని విద్యుత్ పద్ధతి కలదు. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన ముక్కను బ్యాటరీ ఛార్జరు ఋణ ధ్రువమునకు, పనికిరాని ఇనుప రేకును ధన ధ్రువమునకు తగిలిస్తారు. ఒక రాత్రి గడిచేసరికి తుప్పు నల్లని మడ్డియై ఊడివస్తుంది. ఇనుము మాత్రము అరగదు. ఇందులో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. నీటినుండి మండే స్వభావముగల వాయువు పొంగుతుంది గనుక పని ఆరుబయట జరగాలి. రేకు స్టెయిన్లెస్ స్టీలు కారాదు. దానినుండి విషపూరితమైన క్రోమియము నీటిలో కలుస్తుంది. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక వాటిని గీకేటప్పుడు ముక్కుకు ముసుగు ఉండవలసినదే. ఇంకొక హెచ్చరిక. నేటి బండ్లలో మనిషి ఆసనమునుండి లేస్తే ఇంజను ఆగిపోయే మీట ఉంటుంది. పాతవాటిలో అది లేదు. మనిషి జారిపడినా బండి నడుస్తూనే ఉంటుంది, కత్తి తిరుగుతూనే ఉంటుంది. పాతదానిమీద ప్రేమ మంచిదే; ఏమరుపాటు మంచిది కాదు.

ఇక రంగు దగ్గర ఈ బృందము రెండుగా చీలుతుంది. కొందరు బండిని పూర్తిగా విప్పి, గీకి, అంగడిలో తొలినాడు మెరసినట్లు మెరిపిస్తారు. మరికొందరు దానిని ముట్టుకోవద్దంటారు. వెలసిన ఆ ఎరుపు అసలు కర్మాగారమున వేసినది. ఆసనము ప్రక్క ఆ అరుగుదల ఒక రైతు చేయి పడిన గుర్తు. అది ఒకసారి గీకివేస్తే మరల రాదని వారి వాదము. మన శిల్పాలపై, కుడ్యచిత్రాలపై సున్నము పూసిన జీర్ణోద్ధారకులను తలచుకొంటే ఈ రెండవ వాదములోని బరువు మనకు సులభముగా అర్థమవుతుంది. అయినను మొదటివారిని నిందించలేము. రంగు లేని ఇనుమును వానకాలము తింటుంది. మాకు తోచినంతలో, రంగు నిలిచియున్నంతకాలము నూనె రాసి కాపాడడము, పూర్తిగా పోయిన పిమ్మటనే కొత్తది వేయడము మధ్యేమార్గము. ఇంకొక ధర్మసంకటము కూడ ఉన్నది. ఒక బండిని బ్రతికించడానికి భాగములు కావాలి. అవి మరొక బండినుండే రావాలి. ఏది బ్రతకాలి, ఏది ముక్కలు కావాలి? దీనికి శాస్త్రము లేదు. ఎవరి మనస్సాక్షి వారికి ప్రమాణము.

వీరు ఒంటరిగా పనిచేసినా ఒంటరిగా ఆనందించరు. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఏటా వేసవిలో వీల్ హార్సు అభిమానులు కూడుకొంటారు. ఇంగ్లండులో పాత తోట యంత్రముల కొరకే ఒక సంఘమున్నది. కొన్నిచోట్ల వసంతమున ఒక రైతు తన పొలమును ఇస్తాడు. ఇరవై ముప్పై చిన్న ట్రాక్టర్లు పది పన్నెండు అంగుళాల నాగళ్ళు కట్టుకొని, చక్రములకు గొలుసులు చుట్టుకొని వరుసగా దున్నుతవి. మన ఏరువాక పున్నమిని చూచినట్లే ఉంటుంది. అక్కడ చాలు వంకర పోయినవానికి ముసలివారు నాగలి ఎట్లా సరిచేయాలో చూపుతారు. ఈ విద్య పుస్తకములలో కొంతే ఉన్నది. మిగిలినది చేతులలో ఉన్నది. ఆ చేతులు వణకక ముందే కొత్త చేతులకు అందాలి. ఈ సరదాలో నిజముగా పణముగా ఉన్నది అదే.

పాత తోట ట్రాక్టరు ఎంతటి పని చేయగలదో లోకమునకు చూపినవాడు ఆల్విన్ స్ట్రెయిట్. అయోవా రాష్ట్రములోని లారెన్స్ గ్రామవాసి. 1994లో ఆయనకు 73 ఏండ్లు. విస్కాన్సిన్ రాష్ట్రమున ఉన్న 80 ఏండ్ల అన్నకు పక్షవాతము వచ్చినదని వార్త అందినది. ఆల్వినుకు చూపు మందగించి కారు లైసెన్సు లేదు. రెండు కర్రల ఊతముతో నడక. ఒకరి బండిలో పోవడము ఇష్టము లేదు. జూలై నెలలో, 1966 నాటి జాన్ డీర్ గడ్డి ట్రాక్టరుకు వెనుక చిన్న బండి కట్టి, పెట్రోలు, తిండి, పడక సామాను వేసుకొని బయలుదేరినాడు. దూరము సుమారు 240 మైళ్ళు. వేగము గంటకు 5 మైళ్ళు. దారిలో బండి ఆగినది. కండెన్సరు, ప్లగ్గు, స్టార్టరు వంటివి మార్పించినాడు. చేతిలో డబ్బు అయిపోయినది. పింఛను వచ్చే వరకు దారిలో డేరా వేసుకొని కాచుకొన్నాడు. ఆరు వారములకు అన్న ఊరి పొలిమేర చేరేసరికి బండి మరల మొరాయించినది. అటు వచ్చిన ఒక రైతు చేయి కలిపి ఇంటిదాకా తోయించినాడు. అన్నదమ్ములు కలుసుకొన్నారు. 1999లో డేవిడ్ లించ్ అనే దర్శకుడు ఈ ప్రయాణమును చలనచిత్రముగా తీసినాడు.

ఆ బండికి అప్పటికి 28 ఏండ్లు. విప్పి బాగుచేసుకొనే వీలున్న బండి గనుకనే దారిలోని చిన్న ఊళ్ళలో మరమ్మతు సాధ్యమైనది. ముసలివాని పట్టుదల నెరవేరినది. పాత యంత్రమును కాపాడేవారు పిచ్చివారని నవ్వేవారికి ఇంతకంటె సమాధానము అక్కరలేదు.

మనలో అనేకుల ఇండ్లలో అటకమీద ఒక వాల్వు రేడియో దుమ్ము పట్టి ఉండవచ్చును. ఒకనాడు సాయంకాలము ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి వార్తలు, పాటలు విన్నారు. తాతగారు దాని మీటను ఏ వైపు ఎంత తిప్పేవారో ఇంటిలో ఎవరికో ఒకరికి ఇంకా జ్ఞాపకముండే ఉంటుంది. దానిని పాత సామాను బండివానికి వేయకముందు, ఒకసారి క్రిందికి దించి, మెత్తని గుడ్డతో తుడిచి, ఆ జ్ఞాపకమున్నవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, తెలిసిన మరమ్మతుదారుకు చూపండి. అది పలికితే సంతోషము. పలుకకపోయినా, ఆ సాయంకాలము పెద్దలు చెప్పిన నాలుగు మాటలు పిల్లల చెవిని పడతవి.